గాంట్స్ గూట్ అంటే చాలా బాగుందనేనా?

హైదరాబాద్‌లో జర్మన్ నేర్పుతాను. ఏ1 (మొదటి స్థాయి) పూర్తిచేసిన ఎవరిని అడిగినా 'గాంట్స్' అనే మాట తెలుసంటారు. తెలుసనుకోవడంతోనే వస్తుంది తంటా.

అపోహ: గాంట్స్ తగిలిస్తే ఏ మాటకైనా బలం పెరుగుతుంది.

నిఘంటువు చూస్తే 'పూర్తిగా, మొత్తం' అని ఉంటుంది. దాంతో గూట్ అంటే బాగుంది, గాంట్స్ గూట్ అంటే చాలా బాగుంది అని లెక్క కట్టేస్తారు. నేనూ కట్టాను. జర్మనీలోని లైప్‌జిగ్‌లో అద్దెకున్న రోజుల్లో ఇంటావిడ సూప్ పెడితే, మెచ్చుకుందామని 'గాంట్స్ గూట్' అన్నాను. 'ఉప్పు తక్కువైందా?' అంది పాపం.

వాస్తవం: గూట్, నెట్ (మంచిగా ఉంది), ఇంటరెసాంట్ (ఆసక్తికరం) లాంటి మామూలు మెప్పు మాటల ముందు, ఒత్తి పలకని గాంట్స్ వాటిని ఒక మెట్టు దించుతుంది. మనకిది కొత్తేమీ కాదు. కూర 'బాగుంది' అనడానికీ 'బాగానే ఉంది' అనడానికీ తేడా ఏమిటో వండినవాళ్లను అడగండి. ఆ 'నే' నొక్కి చెప్పడానికి ఉన్నదే, అయినా ఇక్కడ మెప్పును సగానికి కోసేస్తుంది. అందుకే నా క్లాసులో గాంట్స్ గూట్‌కి అర్థం 'బాగానే ఉంది' అని రాయిస్తాను. గాంట్స్‌ని గట్టిగా ఒత్తి పలికితే మాత్రం అర్థం 'చాలా' వైపు తిరుగుతుంది. ఈమెయిల్‌లో గొంతు వినిపించదు కాబట్టి అక్కడ 'జేర్ గూట్' (చాలా బాగుంది) అని రాసేయండి, టెన్షన్ ఉండదు.

అపోహ: అయితే గాంట్స్ ఎప్పుడూ తగ్గించేదే.

వాస్తవం: మాట ముందే ఘాటుదైతే దాన్ని ఇంకా పెంచుతుంది. 'గాంట్స్ టోల్' అంటే అదిరిపోయిందని. 'గాంట్స్ అలైన్' అంటే తోడు ఎవరూ లేకుండా, ఒంటరిగా.

అపోహ: 'గాంట్స్ షోన్ కాల్ట్' అంటే చలి అందంగా ఉందని.

వాస్తవం: షోన్ అంటే అందమే (నోరు 'ఓ' ఆకారంలో పెట్టి 'ఏ' పలకాలి, అద్దం ముందు సాధన చేయండి). కానీ ఇక్కడ అందం ఏమీ లేదు, బాగా చలిగా ఉందని అర్థం. 'బాగా జ్వరం' అంటాం, జ్వరంలో బాగేముంది?

అపోహ: గాంట్స్ రూపం ఎప్పుడూ మారదు.

వాస్తవం: నామవాచకం ముందు విశేషణంగా వస్తే మారుతుంది: 'డెన్ గాంట్సెన్ టాగ్', రోజంతా. ఆర్టికల్ లేని ఊళ్లు, దేశాల పేర్ల ముందు మారదు: 'గాంట్స్ బెర్లిన్'.

నర్సింగ్ బ్యాచ్‌కి మాత్రం ఒకటి అదనంగా చెబుతాను. పేషెంట్ 'గార్ నిష్ట్ గూట్' అంటే అస్సలు బాలేదని, అది ఎలాగూ పట్టేస్తారు. 'గాంట్స్ గూట్' అన్నప్పుడే చార్టులో 'బాగున్నారు' అని రాసేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు. ఒక్క నిమిషం ఆగి 'వో టూట్ ఎస్ వే?' అనండి. ఎక్కడ నొప్పో చెబుతారు.