పాత మాల్‌ని పడగొట్టాలా, గోడలు తెరిచి మార్చుకోవాలా? అపోహలు - వాస్తవాలు

"అమ్మా, ఇరవై ఏళ్ల బిల్డింగు. పడగొట్టి కొత్తది కడితే పోలా?" హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన ఒక పెద్దాయన తన మాల్ చూపిస్తూ అడిగారు. ఆర్కిటెక్ట్‌గా నేను తరచూ వినే ప్రశ్నే ఇది.

అపోహ: ఇరవై ఏళ్లు దాటితే బిల్డింగు పనైపోయినట్టే.

వాస్తవం: బెంగళూరు కోరమంగలలో ఫోరమ్ మాల్ 2004లో, మాగ్రత్ రోడ్డులో గరుడా మాల్ 2005లో తెరుచుకున్నాయి. నీళ్లు దిగకుండా చూసుకున్న కాంక్రీటుకి ఆ వయసు ఎక్కువేం కాదు. అరిగిపోయేవి ఏసీ, లిఫ్టులు, ఎస్కలేటర్లు. పైగా షాపుల కోసం వేసిన శ్లాబు గట్టిది. బిల్డింగు ఎంత బరువు మోయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు సుమారు 400 కిలోల బరువు లెక్కేసి డిజైన్ చేస్తారు. క్లాస్‌రూముకి 300, ఆసుపత్రి వార్డుకి 200 చాలు. అంటే బట్టల షాపు ఖాళీ అయిన చోట ట్యూషన్ సెంటరో, క్లినిక్కో పెట్టుకోవచ్చు. పుస్తకాల ర్యాకులతో నిండే లైబ్రరీకి మాత్రం కనీసం 600 కావాలి. అక్కడ స్ట్రక్చరల్ ఇంజినీరు సరే అనేదాకా ఆగండి.

అపోహ: గోడలు తెరిస్తే ఏసీ బిల్లు పేలిపోతుంది.

వాస్తవం: నాలుగు వైపులా మూసి, లోపలంతా ఒకే వాతావరణం ఉంచే మాల్ 1956లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైంది. విక్టర్ గ్రూయెన్ డిజైన్ చేసిన సౌత్‌డేల్ అది. అక్కడి చలికాలం మంచు అలాంటిది మరి! బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మనకి ఆ పెట్టె ఎందుకు? నడవాలకి ఏసీ తీసేసి షాపుల లోపలే ఉంచితే చల్లబరచాల్సిన జాగా బాగా తగ్గుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఉక్క ఉంటుంది, కాదనను. నీడ, పెద్ద ఫ్యాన్లు తప్పనిసరి. అంతకంటే నాకు ఎక్కువ టెన్షన్ లోపలికి జల్లు కొట్టే వానతోనే. చూరు లోతుగా దించి, నేలకి వాలు ఇచ్చి, జారని టైల్స్ వేయకపోతే మొదటి వానకే ఎవరో ఒకరు పడతారు.

అపోహ: శ్లాబు ఎక్కడైనా కోసి వెలుతురు తేవచ్చు.

వాస్తవం: పోస్ట్ టెన్షన్డ్ శ్లాబైతే లోపల బిగించి లాగిన కేబుళ్లుంటాయి. స్కాన్ చేయకుండా డ్రిల్లు కూడా పెట్టొద్దు.

అపోహ: కదిలే పార్టిషన్లు పెడితే చాలు, స్థలం ఎలాగైనా మారుతుంది.

వాస్తవం: గోడ ఒక్క రాత్రిలో మారుతుంది. డ్రైనేజీ మారదు. షాపుని హోటల్‌గా మార్చాలంటే నీళ్ల లైను, పొగ గొట్టం, అదనపు కరెంటు కావాలి. అందుకే రిపేరుకి ఎలాగూ తవ్వుతున్నప్పుడే, కొన్ని స్తంభాలకి ఒకటి చొప్పున ఖాళీ షాఫ్టు (పైపులు, వైర్లు పైకీ కిందికీ వెళ్లే నిలువు దారి), మూత బిగించిన డ్రెయిన్ పైపు వదలమని అడుగుతాను. ఆ పెద్దాయన దగ్గర బడ్జెట్ కోతలో గ్లాసు డిజైన్ వదులుకున్నాను, షాఫ్టులు మాత్రం వదల్లేదు.