పాలజ్వరంలో జ్వరం ఉండదు: గేదెల జబ్బుల మీద అపోహలు, వాస్తవాలు

గోదావరి డెల్టాలో గేదెల జబ్బులకున్న పేర్లే సగం చిక్కు తెస్తున్నాయి. పాలజ్వరం అనగానే ఒళ్లు కాలుతుందనుకుంటారు. జలగ వ్యాధి అంటే కాలవలో జలగ కడుపులోకి పోయిందంటారు. మూత్రం ఎర్రగా పోస్తే వేడి చేసిందని మజ్జిగ పోస్తారు. పేరుని బట్టి వైద్యం నడుస్తుంది, గేదె మాత్రం లేవదు.

అపోహ: పాలజ్వరానికి జ్వరం బిళ్ల వేసి, గొట్టంతో కషాయం పోస్తే లేస్తుంది.

ఇందులో జ్వరం లేదు సరికదా, ఒంటి వేడి మామూలు కన్నా పడిపోతుంది. ఎక్కువగా మూడో ఈత దాటిన పాడిగేదెకు, ఈనిన మూడు రోజుల లోపు వస్తుంది. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా తరలిపోయి రక్తంలో తగ్గిపోతుంది, దాంతో కండరాలు పట్టు తప్పుతాయి. గేదె ముందు తడబడుతుంది, తర్వాత కూలబడి మెడ తిప్పి తల డొక్క మీద పెట్టుకుంటుంది. చెవి మొదలు పట్టుకు చూడండి, చల్లగా తగులుతుంది. ముట్టె మీద చెమ్మ ఉండదు, పేడ వేయదు.

ఈ స్థితిలో గుటక సరిగా పడదు. నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కాల్షియం ఎక్కించాక లేచి నిలబడ్డ గేదె కూడా తర్వాత నిమ్ము చేసి పోవచ్చు. అసలు ఏ జబ్బుకైనా గొట్టం వాడేటప్పుడు ముట్టెను కంటి ఎత్తు దాటించకూడదు, నాలుక బయటికి లాగి పట్టుకోకూడదు. నోటి పక్క సందులోంచి కొద్దికొద్దిగా పోయాలి, దగ్గిందంటే వెంటనే తల వదిలేయాలి. ముక్కులో మందు పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది వైద్యం కాదు.

దీనికి మందు కాల్షియం బోరోగ్లూకోనేట్, 450 మి.లీ. సీసా. నరంలోకి నెమ్మదిగా, గుండె చప్పుడు వింటూ డాక్టరే ఎక్కించాలి. తొందరపడి వదిలితే గుండె ఆగిపోతుంది. డాక్టరు వచ్చేలోపు చేయాల్సింది ఒక్కటే: గేదె పక్కకు ఒరిగిపోయి పడుకోకుండా గడ్డి కూరిన గోతాలు రెండు వైపులా ఆనించి, గుండె నేలకు ఆనేలా కూర్చోబెట్టడం. లేచాక కూడా రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండకండి.

అపోహ: ఎర్రమూత్రం వేడి వల్ల వస్తుంది.

రెండు ముఖ్యమైన కారణాలున్నాయి, రెంటికీ వైద్యం వేరు. ఈనిన కొన్ని వారాలకు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పోస్తూ, పెద్దగా జ్వరం లేకపోతే, భాస్వరం లోపాన్ని అనుమానించాలి. వరిగడ్డిలో భాస్వరం బాగా తక్కువ. తవుడులో ఉంటుంది. తవుడు ధర పెరిగిందని కుడితి పల్చన చేసి, గడ్డి మీదే పాడి లాగితే రక్తకణాలు చితికి ఆ రంగు మూత్రంలో దిగుతుంది. అదే రంగుతో పాటు 104 డిగ్రీలు దాటిన జ్వరముండి, పొదుగు దగ్గర, చెవుల్లో పిడుదులు కనిపిస్తే అది పిడుదుల వల్ల వచ్చే బబేసియా కావచ్చు. మజ్జిగ, కొబ్బరినీళ్లు ఈ రెంటిలో దేన్నీ ఆపలేవు. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం చాలా కొట్టాల మీద డబ్బాలోనే ఉండిపోతోంది. అది దాణాలో పడాలి.

పై రెండు జబ్బుల్లోనూ దారి చూపేది థర్మామీటరే. పాదరసం విదిలించి దించి, కొసకు నూనె రాసి, మలద్వారంలో గోడకు ఆనేలా రెండు నిమిషాలు ఉంచాలి. పేడలో గుచ్చితే లెక్క తప్పుతుంది. గేదెకు 101 డిగ్రీల ప్రాంతం మామూలే.

అపోహ: కాలవలో నీళ్లు తాగేటప్పుడు జలగ లోపలికి పోతే జలగ వ్యాధి వస్తుంది.

కాలికి పట్టే జలగకూ దీనికీ సంబంధమే లేదు. కార్జపు జలగ ఆకులా పల్చగా ఉండే పురుగు, పిత్తనాళాల్లో కాపురం ఉంటుంది. దాని గుడ్లు పేడతో బయటపడి, నీళ్లలో పొదిగి, పిల్ల నత్తలో దూరుతుంది. నత్తలో పెరిగి బయటికొచ్చి బోదెగట్టు గడ్డికీ వరిదుబ్బు అడుగుకీ అంటుకుని, కంటికి ఆనని గుళికలా బిగుసుకుంటుంది. గేదె ఆ గడ్డి మేసినప్పుడే రోగం లోపలికి పోతుంది. సార్వా, దాళ్వా రెండు పంటలకూ నీరు నిలిచే నేల కాబట్టి నత్తకు ఇక్కడ కరువు లేదు. గడ్డి కోసేటప్పుడు నీటి మట్టానికి పైన కోయండి. బాగా ఎండిన గడ్డిలో ఆ గుళికలు బతకలేవు, పచ్చిది తెచ్చి అలాగే వేస్తేనే ముప్పు.

ఇక్కడే రెండో అపోహ: నట్టల మందు ఏదైనా ఒకటే. కాదు. ఐవర్‌మెక్టిన్, ఫెన్‌బెండజోల్ కార్జపు జలగను చంపవు. ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగల మీద పనిచేస్తుంది. ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలనూ చంపుతుంది. ఆల్బెండజోల్ పెద్దవాటికి కొంత పనిచేసినా చూడి మొదటి నెలల్లో ఇవ్వకూడదు. మోతాదు బరువును బట్టి ఉంటుంది, కంటి అంచనాతో తగ్గించి పోస్తే పురుగు మందుకు అలవాటు పడుతుంది. పేడ పరీక్షలో గుడ్లు లేవన్నారని నిశ్చింతగా ఉండొద్దు. జలగ పెరిగి గుడ్లు పెట్టేసరికి మూడు నెలలు దాటుతుంది, ఆలోపు కార్జాన్ని తొలుస్తూనే ఉంటుంది.

జలగ ముదిరితే దవడ కింద నీరు దిగుతుంది. దాన్ని గొంతువాపు (గురకవ్యాధి) అనుకుని కంగారు పడేవాళ్లున్నారు, గొంతువాపు వచ్చినప్పుడు జలగే అని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. రెండోదే ప్రాణం తీస్తుంది. వేలితో నొక్కి చూడండి. జలగ వాపు చల్లగా, మెత్తగా ఉంటుంది. నొక్కినచోట గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది, గేదె పట్టించుకోదు. గొంతువాపు వేడిగా, గట్టిగా ఉంటుంది. తాకితే గేదె వెనక్కి లాగుతుంది. 104 నుంచి 107 డిగ్రీల జ్వరం, నోటి వెంట చొంగ, ఊపిరి తీస్తే గురక. ఒక్క రోజులో చనిపోవచ్చు. పొద్దున్న చూద్దాంలే అనుకునే జబ్బు కాదు, పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి.

అపోహ: టీకా వేయిస్తే పాలు తగ్గిపోతాయి, చూడి పోతుంది.

సూది పడ్డాక రెండు మూడు రోజులు కాస్త జ్వరం, పాలలో కొద్ది తగ్గుదల నిజమే, మళ్లీ వస్తాయి. నిండు చూడి గేదెను పడదోసి, తాళ్లతో బిగించి టీకా వేస్తే ఆ ఒత్తిడే ప్రమాదం, తప్పు పట్టుకునే తీరులో ఉంది. గొంతువాపు టీకా వానలకు ముందే, మేలో పడాలి. రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఊళ్లో రోగం దిగాక వేయించిన టీకా ఆ వారానికి అక్కరకు రాదు. చచ్చిన పశువును కాలవలో తోయకండి. ఆరడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ముక్కు, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతుంటే దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు, కోయడమే కూడదు.

అపోహ: మాయ పడేదాకా దూడకు పాలు వదలకూడదు.

దీనివల్ల పోయే దూడలకు లెక్క లేదు. దూడ రోగనిరోధక శక్తి తల్లి కడుపులో ఉండగా రాదు, మొత్తం జున్నుపాల ద్వారానే రావాలి. ఆ శక్తిని పీల్చుకునే గుణం దూడ పేగుకు గంట గంటకూ తగ్గి, ఒక రోజుకి పోతుంది. 30 కిలోల దూడకు మొదటి రోజు మూడు లీటర్లు, అందులో మొదటి విడత గంట రెండు గంటల్లోనే. దూడ చీకితే గర్భసంచి ముడుచుకుని మాయ పడడం తేలికవుతుంది కూడా. మాయకు రాయో చెప్పో కట్టి వేలాడదీస్తే గర్భసంచి జారుతుంది, చిరుగుతుంది. 12 గంటలు దాటినా పడకపోతే డాక్టరును పిలవండి.

గడ్డి ముట్టని దూడకు నట్టలెక్కడివి అంటారు. ఏలికపాములు తల్లి పాలలోంచే వస్తాయి. తెల్లగా, కంపు కొట్టే పారుడుతో దూడ ఎండిపోతుంది. పదో రోజుకే పైపరజిన్ లాంటి మందు పడాలి.

పొదుగు గట్టిపడి పాలు విరిగితే దిష్టి అనో, పాము తాగిందనో అంటారు. పితికాక చన్ను రంధ్రం అరగంట దాకా తెరిచే ఉంటుంది. గేదె అప్పుడే పేడలో పడుకుంటే సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. పితికిన వెంటనే మేత వేస్తే ఆ అరగంట నిలబడే ఉంటుంది.

తుఫానుకు తడిసి బూజు పట్టిన గడ్డిని ఎండలో వేస్తే బాగవుతుందనేది మరొకటి. బూజు ఎండుతుంది, దాని విషం పోదు. తోక కొస, చెవి అంచులు, గిట్టల పైభాగం కుళ్లడం ఆ విషం పనే.

చివరగా, చొంగ కారుస్తూ మింగలేకపోతున్న గేదె గొంతులో ఏదో అడ్డుపడిందని చెయ్యి పెట్టకండి. పిచ్చికుక్క కరిచిన గేదె కూడా సరిగ్గా అలాగే కనిపిస్తుంది, కాటు ఎవరూ చూసి ఉండకపోవచ్చు. చొంగ చేతి మీద పడితే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.