క్యాబ్ డ్రైవర్ సీటులోంచి ట్రాఫిక్: కొన్ని అపోహలు, వాస్తవాలు

బండి ఎక్కి బెల్ట్ పెట్టుకోగానే చాలామంది మొదట ఎత్తుకునేది ట్రాఫిక్ గోలే. స్టీరింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి వాదించలేను కాబట్టి "అవునండీ" అని ఊరుకుంటాను. ఆ మాటలకు జవాబులు ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

అపోహ: బస్సులు, మెట్రో పెరిగితే క్యాబ్ వాళ్ల పొట్ట కొట్టినట్టే.

ఈ మాట మా డ్రైవర్లే ఎక్కువగా అంటారు. కానీ నాకు డబ్బు వచ్చేది బండి కదిలినప్పుడే. జామ్‌లో గంట పోతే నా చేతిలోంచి ఒకటో రెండో ట్రిప్పులు జారిపోయినట్టు. వెయిటింగ్ కింద కలిసేది దానికి సాటి రాదు.

సిగ్నల్ దగ్గర నా ముందు ఒక బస్సు ఆగి ఉందనుకోండి. పొడవు 12 మీటర్లు, లోపల 50 మంది. వాళ్లంతా దిగి కారుకు ఒకరిద్దరు చొప్పున ఎక్కితే దాదాపు 40 కార్లు కావాలి. ఆగి ఉన్న కారు ముందూ వెనకా ఖాళీతో కలిపి ఆరేడు మీటర్లు తింటుంది. అంటే ఒకే వరుసలో పావు కిలోమీటరు దాటిన క్యూ! ఆ క్యూ చివర ఉండేది నేనే. అందుకే బస్సు హారన్ కొడితే తిట్టుకోకుండా దారిస్తాను.

మెట్రో లైను పొడవునా నడిచే గిరాకీ కొంత పోతుంది, కాదనను. కానీ స్టేషన్ నుంచి ఇంటికి, సామానుతో, అర్ధరాత్రి, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ట్రిప్పులు పడుతూనే ఉంటాయి. సొంత కారు లేకుండా రోజులు నడిచే ఊళ్లోనే క్యాబ్ అవసరం పడేది. ఇంటింటికీ కారుంటే నన్నెవరు పిలుస్తారు?

అపోహ: రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తీరిపోతుంది.

కొత్త ఫ్లైఓవర్ తెరిచిన మొదటి నెల నేనూ సంబరపడినవాణ్నే. తర్వాత అర్థమైంది, జామ్ ఎక్కడికీ పోలేదు, ఫ్లైఓవర్ దిగేచోటికి మారింది. రోడ్డు ఖాళీగా కనిపిస్తే నిన్నటిదాకా బయల్దేరనివాళ్లు కూడా బండి తీస్తారు. అమెరికా నగరాల లెక్కలు చూసిన డురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ఇదే తేల్చారు: లేన్లు ఎంత పెరిగితే బండ్లు తిరిగే దూరమూ దాదాపు అంతే పెరుగుతుంది. అక్కడి హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవేను 2008 నాటికి కొన్నిచోట్ల ఇరవైకి పైగా లేన్లకు పెంచారు. కొన్నేళ్లకే రద్దీవేళ ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో దీనికి తలకిందులుగా చేశారు. 2003లో నగరం నడిమధ్య ఎలివేటెడ్ రోడ్డును కూల్చడం మొదలుపెట్టి, కింద కప్పేసిన చంగ్యేచన్ వాగును 2005లో తెరిచారు. మధ్యలో 2004లో బస్సులకు రోడ్డు నడుమ విడిగా లేన్లు ఇచ్చారు. ఊరేమీ ఆగిపోలేదు.

అపోహ: జామ్ అయిందంటే ముందు ఏదో యాక్సిడెంట్ అయి ఉంటుంది.

చాలాసార్లు ముందు ఏమీ ఉండదు. జపాన్ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. అడ్డం లేదు, సిగ్నల్ లేదు, అయినా కాసేపటికి జామ్ పుట్టింది. ఒకడు కాస్త బ్రేక్ తొక్కితే వెనకవాడు ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు, అలా వెనక్కి పాకుతూ పోతుంది. ముందు బండికి అంటుకుని వెళ్లేవాళ్లూ, ప్రతి సందులో కట్ కొట్టేవాళ్లూ దీన్ని పుట్టిస్తారు. "కొంచెం ముందుకు దూర్చవయ్యా" అని వెనక సీటు నుంచి వినిపించే సలహా కూడా అంతే.

అపోహ: యాప్ క్యాబ్‌లు వచ్చాక రోడ్ల మీద బండ్లు తగ్గాయి.

ఇది నా మీద నేనే చెప్పుకునే చాడీ. మిమ్మల్ని దింపాక నా బండి మాయమైపోదు. తర్వాతి పికప్ దాకా ఖాళీగానే వెళ్లాలి, లేదా గిరాకీ తగిలే చోటు వెతుక్కుంటూ తిరగాలి. సొంత కారుకైతే ఈ ఖాళీ తిరుగుడు ఉండదు, పార్కింగ్ వెతుకులాట తప్ప. పైగా ఎక్కించుకునేటప్పుడు, దింపేటప్పుడు లేను మధ్యలో ఆగేదీ మేమే. శాన్‌ఫ్రాన్సిస్కో మీద 2019లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2010 నుంచి 2016 మధ్య పనిదినాల్లో రద్దీ వల్ల బండ్లు కోల్పోయిన సమయం 62 శాతం పెరిగింది. యాప్ క్యాబ్‌లు లేకపోతే ఆ పెరుగుదల 22 శాతమే ఉండేదని వాళ్ల లెక్క. చదివినప్పుడు కాస్త నొచ్చుకున్నాను. కానీ ఆ తిరుగుడు రోజూ నేను చేసేదే కాబట్టి కాదనలేకపోయాను.

అపోహ: ఫోన్‌లో మ్యాప్ ఉంటే దారులు తెలియక్కర్లేదు.

లండన్‌లో బ్లాక్ క్యాబ్, అంటే అక్కడి నల్ల టాక్సీ, నడిపే లైసెన్సుకు ఇప్పటికీ దాదాపు 25,000 వీధులు గుర్తుపెట్టుకుని పరీక్ష రాయాలి. మ్యాప్ దారి చూపిస్తుంది. ఏ గేటు దగ్గర మనిషి నిలబడతాడో, బడి వదిలే వేళకు ఏ వీధిలోకి దూరకూడదో చెప్పదు.

అపోహ: వాన పడితే డ్రైవర్లకు పండగే.

రేటు పెరిగిన మాట నిజమే. కానీ వేగం తగ్గుతుంది, ఒక్కో ట్రిప్పుకు రెట్టింపు సేపు పట్టేస్తుంది, రోజుకు పడే ట్రిప్పులు తగ్గిపోతాయి. బస్సు స్టాపుల్లో ఉన్నవాళ్లంతా ఒకేసారి ఫోన్లు తీస్తారు. మ్యాప్ మీద కదలని నా బండిని చూసి "వీడు టీ తాగుతున్నాడేమో" అని మీరు విసుక్కునే వేళకు, నేను మీ వీధి మలుపు సిగ్నల్ దగ్గర మూడోసారి రెడ్ పడి వైపర్లు చూస్తూ కూర్చుని ఉంటాను.