కొత్తవాళ్లు బ్రిడ్జ్ మానేసేది ఆట కష్టమని కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

బ్రిడ్జ్ అంటే నలుగురు ఇద్దరిద్దరు జట్లుగా ఆడే పేకాట. చాలా ఏళ్లుగా ఒక బ్రిడ్జ్ క్లబ్బులో డైరెక్టర్‌గా, అంటే నియమాలు చెప్పేవాడిగా, ఆట నడిపిస్తున్నాను, కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. ఈ పనిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఒకటుంది. ఇష్టంగా నేర్చుకుని, ధైర్యం కూడదీసుకుని క్లబ్బుకు వచ్చి, రెండు మూడు సార్లు ఆడి, ఆ తర్వాత కనిపించకుండా పోయేవాళ్లు. "బ్రిడ్జ్ అందరికీ పట్టుబడే ఆట కాదులెండి" అని పాతవాళ్లు తేల్చేస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. మానేసినవాళ్లలో కొందరిని నేనే ఫోన్ చేసి అడిగాను, ఆట కష్టంగా ఉందని చెప్పినవాళ్లు దాదాపు లేరు. ఎవరో విసుక్కున్నారనో, ఏం తప్పు చేశామో తెలియకుండానే అందరి ముందు తలదించుకోవాల్సి వచ్చిందనో చెప్పారు. అందుకే ఈ కింద రాసిన అపోహల్లో కొన్ని కొత్తవాళ్లవి, కొన్ని మనలాంటి పాతవాళ్లవి. నా ఉద్దేశంలో ఎక్కువ నష్టం చేసేవి మనవే.

అపోహ: బిడ్డింగ్ అంతా వచ్చాకే క్లబ్బులో అడుగుపెట్టాలి

బిడ్డింగ్ అంటే ముక్కలు వేయడానికి ముందు, ఎన్ని ట్రిక్కులు (నలుగురూ ఒక్కో ముక్క వేసే పట్టు) గెలుస్తామో జట్లు పోటీగా చెప్పే వేలం. అంతా అనేది ఎవరికీ రాదు. 52 ముక్కల్ని నలుగురికి పంచడానికి ఎన్ని రకాలుగా వీలుందో లెక్కేస్తే వచ్చే సంఖ్యకు 29 అంకెలుంటాయి, కాబట్టి బట్టీ పట్టి ఈ ఆటను ముగించడం కుదరదు. పాతికేళ్లుగా జంటగా ఆడుతున్నవాళ్లు కూడా ఆట అయ్యాక "ఆ రెండు డైమన్లు దేనికి చెప్పావు?" అని ఒకరినొకరు అడుగుతూనే ఉంటారు.

మొదటి రోజుకు కావలసింది చాలా తక్కువ. ఏసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున చేతిలో పాయింట్లు లెక్కపెట్టుకోవడం, పేక మొత్తంలో అవి 40 అని గుర్తుంచుకోవడం, 12 లేదా 13 ఉంటే ఓపెన్ చేయడం (బిడ్డింగ్ మొదలుపెట్టడం), ఇద్దరికీ కలిపి 25 దాకా ఉన్నాయనిపిస్తే గేమ్‌కి (బోనస్ స్కోరు వచ్చే బిడ్‌కి) వెళ్లడం. స్టేమన్, బ్లాక్‌వుడ్ లాంటి బిడ్డింగ్ పద్ధతులు తెలిస్తే మంచిదే, తెలియకపోతే ఆ పూటకేం నష్టం లేదు.

బిడ్డింగ్ అంటేనే టెన్షన్ అయితే మినీబ్రిడ్జ్‌తో మొదలుపెట్టండి. అందులో నలుగురూ తమ పాయింట్లు పైకే చెప్పేస్తారు, ఎక్కువ పాయింట్లున్న జట్టులో ఎక్కువున్నవాళ్లు డిక్లేరర్ (తమ జట్టు రెండు చేతులూ ఆడేవాళ్లు) అవుతారు, ఎదురుగా పరిచిన డమ్మీని (పార్టనర్ ముక్కలను) చూసుకుని కాంట్రాక్ట్ (గెలవాల్సిన ట్రిక్కుల లెక్క) ఎంతో నిర్ణయించుకుంటారు, ఆట మొదలవుతుంది. ముక్క వేయడంలో ఉన్న రుచి ముందు తెలిస్తే బిడ్డింగ్ దేనికో తర్వాత మనిషే అడిగి తెలుసుకుంటాడు. ఒకప్పుడు నేను బిడ్డింగ్ పట్టికలతో క్లాసు మొదలుపెట్టేవాణ్ని. వారం వారం జనం పలచబడేవారు. ఇప్పుడు మొదటి పది నిమిషాల్లోనే చేతికి ముక్కలిస్తున్నాను.

అపోహ: పార్టనర్ లేకుండా ఒక్కరే వస్తే అందరికీ ఇబ్బంది

ఒక్కరే వచ్చేవాళ్ల కోసం చాలా క్లబ్బులు ముందుగానే ఒకరిని ఉంచుకుంటాయి. ఎవరూ రాకపోతే ఆయన ఆడకుండా కూర్చుంటాడు, ఎవరైనా వస్తే వాళ్ల ఎదురుగా కూర్చుంటాడు. ముందు రోజు ఒక మాట చెప్పి రండి, అది చాలు. ఈ ఏర్పాటు లేని క్లబ్బు ఉంటే వెంటనే చేసుకోవాలి. సభ్యులు వంతులవారీగా ఒక్కో వారం ఆ పని తీసుకుంటే ఎవరికీ భారం ఉండదు.

అపోహ: ఇంట్లో బాగా ఆడినవాళ్లకు క్లబ్బులో చెప్పాల్సిందేమీ ఉండదు

ఇది మనం చేసే పొరపాటు. ఇంట్లో ఎంత బాగా ఆడినా, డూప్లికేట్ ఆటలో మొదటిసారి కూర్చున్న మనిషి చేతులు ఏం చేస్తాయో గమనించండి. ముక్కను బల్ల మధ్యలోకి విసురుతారు, ట్రిక్ గెలవగానే నాలుగు ముక్కల్నీ దగ్గరికి లాక్కుంటారు. ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటది. క్లబ్బులో అలా చేస్తే నలుగురి ముక్కలూ కలిసిపోతాయి, పక్క బల్లకు ఆ బోర్డు (నలుగురి ముక్కలూ విడిగా ఉంచే జేబుల పలక) పంపడానికి లేకుండా పోతుంది. డూప్లికేట్‌కు ప్రాణమే అది, అవే ముక్కలు గదిలో అందరూ ఆడాలి. అందుకని ఎవరి ముక్క వాళ్ల ముందే ఉండాలి, ట్రిక్ అయ్యాక బోర్లించి, మనం గెలిచినదైతే నిలువుగా పార్టనర్ వైపు చూసేలా, ఓడినదైతే అడ్డంగా పెట్టుకోవాలి, చివరికి పదమూడూ తీసి బోర్డులో మన దిక్కు జేబులో పెట్టాలి.

ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఎవరూ చెప్పకపోతే మొదటి ట్రిక్‌లోనే ముగ్గురు ఒకేసారి "అయ్యయ్యో, అలా కాదండీ" అంటారు, ఆ మనిషికి ఆ పూటంతా చేతులు బిగుసుకుపోతాయి. నేను ఒక పాత బోర్డు విడిగా ఉంచుకుంటాను. ఆట మొదలయ్యే ముందు కొత్తవాళ్లను పక్కకు పిలిచి, ముక్కలు తీయడం, చూసే ముందే పదమూడు ఉన్నాయా అని లెక్కపెట్టడం, ట్రిక్ పక్కన ట్రిక్ పేర్చడం, తిరిగి జేబులో పెట్టడం ఒకసారి చేయిస్తాను. నోటితో పదిసార్లు చెప్పడం కంటే ఒక్కసారి చేయించడం మేలు.

అపోహ: డైరెక్టర్‌ని పిలిచారంటే నేరం పట్టుకున్నారని అర్థం

అన్నిటిలోకీ ఎక్కువమందిని పోగొట్టేది ఈ అపోహే అని నా నమ్మకం.

ఒకావిడ మూడోసారి వచ్చిన రోజు. కాంట్రాక్ట్ 3 నోట్రంప్ (తురుపు లేని ఆట), డిక్లేరర్ సౌత్, లీడ్ (మొదటి ముక్క వేసే వంతు) వెస్ట్‌ది. ఈవిడ ఈస్ట్‌లో కూర్చున్నారు. వంతు తనదే అనుకుని ఆటీను రాణిని తిప్పి బల్ల మీద పెట్టేశారు. వెంటనే డిక్లేరర్ చెయ్యి పైకెత్తి "డైరెక్టర్!" అని కేకేశాడు, గదిలో తలలన్నీ అటు తిరిగాయి. నేను వెళ్లేసరికి ఆవిడ రాణిని మళ్లీ చేతిలోకి తీసేసుకుని మిగతా పన్నెండు ముక్కల మధ్య దూర్చేశారు, అది ఏ చివర ఉందో బొటనవేలితో వెతుకుతున్నారు, "సారీ అండీ, సారీ" అంటున్నారు. చెయ్యి వణుకుతోంది.

నేను బల్ల పక్కన వంగి, "కంగారేం లేదమ్మా, ఇది అందరూ చేసేదే, దీనికి నియమం ఉంది, అది చదవడానికే వచ్చాను" అన్నాను. ఆ తర్వాత డిక్లేరర్‌కు ఉన్న అయిదు దారులు చెప్పాను. ఆ లీడ్‌నే ఒప్పుకుని డమ్మీ పరిపించి, తన చేతి నుంచి ముక్క వేయవచ్చు. లేదా తన చేతినే డమ్మీగా పరిచి పార్టనర్‌తో ఆడించవచ్చు. ఒప్పుకోకపోతే, వెస్ట్‌ను ఆటీనే లీడ్ చేయమనవచ్చు, లేదా ఆటీను చేయవద్దు అనవచ్చు, ఈ రెండిటిలోనూ రాణి తిరిగి చేతిలోకి వెళ్తుంది. అదీ కాదంటే వెస్ట్‌కు ఇష్టమైన లీడ్ వదిలేసి రాణిని పెనాల్టీ కార్డుగా బల్ల మీదే ఉంచవచ్చు. అంతా విని ఆవిడ "ఇంతేనా?" అన్నారు. ఆ ఒక్క మాటలో ఆవిడ అప్పటిదాకా ఏం ఊహించుకుని భయపడ్డారో నాకు అర్థమైంది.

బ్రిడ్జ్ నియమాల పుస్తకం తొలి పుటల్లోనే ఒక విషయం చెప్తుంది. ఈ నియమాలు ప్రధానంగా శిక్షించడానికి కావు, ఒకరి పొరపాటు వల్ల ఎదుటివాళ్లకు నష్టం జరగకుండా సరిచేయడానికి అని. డైరెక్టర్ పోలీసు కాదు. తప్పు జరిగిందని ఎవరైనా ఎత్తి చూపగానే వెంటనే డైరెక్టర్‌ని పిలవాలి, తప్పు చేసినవాళ్లు కూడా పిలవవచ్చు. మొదటి క్లాసులోనే నేను ఒకరితో కావాలని వంతు తప్పి లీడ్ చేయించి, "ఇప్పుడు నన్ను పిలవండి" అంటాను. తమ నోటితో ఒకసారి పిలిచాక ఆ పిలుపుకు భయం పోతుంది.

పాతవాళ్లకు రెండు మాటలు. ఒకటి, గొంతు. "డైరెక్టర్, ఒకసారి ఇటు రండి ప్లీజ్" అని మామూలుగా పిలిచి, కొత్త మనిషి వైపు తిరిగి "నియమం ఏంటో ఆయన చెప్తారు, మీరేం అనుకోకండి" అంటే చాలు. రెండు, జాలిపడి "పర్లేదు, తీసేసుకోండి" అని మనకు మనమే సర్దేయడం. మంచి మనసుతోనే చేస్తాం గాని, ఇక్కడ అలా నేర్చుకున్న మనిషికి తర్వాతి బల్ల దగ్గర అదే తప్పుకు డైరెక్టర్ వస్తే, ఇక్కడ మంచివాళ్లు, అక్కడ చెడ్డవాళ్లు అనిపిస్తుంది. పిలవండి, మెత్తగా పిలవండి.

ఇక కొత్తవాళ్లకు. ఓపెనింగ్ లీడ్‌ను బోర్లించి పెట్టడం నియమమే, చాలామంది తొందరలో మర్చిపోతారు. ముక్క బోర్లించి పెట్టి ఒక్క క్షణం ఆగండి. లీడ్ మీది కాకపోతే అప్పుడే ఎవరో ఒకరు చెప్తారు, డైరెక్టర్ వచ్చి దాన్ని చేతిలోకి తీసుకోమంటాడు, ముక్క ఎవరికీ కనపడలేదు కాబట్టి అంతటితో సరి. ఆవిడకు ఆ రోజు ఆట అయ్యాక ఇదే చెప్పాను. ఇప్పటికీ బోర్లించి, వేలు దాని మీద ఆనించి, బల్ల చుట్టూ ఒకసారి చూసి గాని తిప్పరు.

అపోహ: తప్పు అప్పటికప్పుడు చెప్తేనే నేర్చుకుంటారు

బోర్డు అయిపోగానే ఎదుటి జంటలో ఒకరు ముందుకు వంగి, "మీరు ఆ కళావరు అలా ఆడకుండా ఉండాల్సింది" అని మొదలుపెడతారు. సాయం చేస్తున్నాననే అనుకుంటారు. కాని అడగని పాఠం, ఎదుటి జట్టు మనిషి నోటి నుంచి, ఓడిపోయిన మరుక్షణం, పార్టనర్ వింటుండగా వస్తే అది చెవికెక్కదు. నియమాల్లో 74వది, ఎదుటివాళ్లకు చిరాకో ఇబ్బందో కలిగించే మాటగాని చేతగాని వద్దని చెప్తుంది. మంచి ఉద్దేశంతో అన్నదైనా ఇబ్బంది ఇబ్బందే.

పైగా ఆ పాఠం చాలాసార్లు తప్పు కూడా. ఎదుటివాళ్ల దగ్గర ఒక రంగులో అయిదు ముక్కలుంటే అవి 3-2గా పడే అవకాశం దాదాపు 68 శాతం, 4-1గా పడేది 28 శాతం. కొత్తాయన 3-2 వస్తుందని నమ్మి ఆడాడు, ఆ రోజు 4-1 వచ్చింది, ఒకటి డౌన్ అయ్యాడు (కాంట్రాక్ట్‌కు ఒక ట్రిక్ తగ్గింది). నాలుగు చేతులూ తెలిసిపోయాక "ఆ జాకీ అక్కడుందని తెలియదా" అనడం తేలిక. ఆయన ఆడింది సరైన దారి, మనం చెప్పే పాఠం వల్ల రేపటి నుంచి తప్పు దారి పడతాడు.

ఒక్కో బోర్డుకు దొరికేది ఏడెనిమిది నిమిషాలు, ఇందులో పాఠానికి చోటు కూడా లేదు. ఆట మొత్తం అయ్యాక, వాళ్లు అడిగితే, ఒకే ఒక్క చేతి గురించి మాట్లాడండి. అది కూడా "మీరేం ఆలోచించారు?" అనే ప్రశ్నతో మొదలుపెట్టండి. ఈ విషయంలో పార్టనర్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పార్టనర్ ముఖంలో విసుగు కనపడితే ఆ మనిషి తర్వాతి బోర్డులో ముక్కలు చూసుకోవడం మానేసి మీ ముఖం చూస్తుంటాడు.

అపోహ: కొత్త జంటల వల్ల మా స్కోరు పాడవుతుంది

మ్యాచ్‌పాయింట్ల లెక్క తెలిసినవాళ్లు కూడా ఈ మాట అంటుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. మీ స్కోరును పోల్చేది మీరు ఎదుర్కొన్న జంటతో కాదు, అవే ముక్కలతో మీ దిక్కున కూర్చున్న మిగతా జంటలతో. మిచెల్ పద్ధతిలో ఈస్ట్-వెస్ట్ జంటలు బల్ల నుంచి బల్లకు కదులుతాయి, రౌండ్లన్నీ పూర్తిగా ఆడితే, కొత్త జంట ఏ దిక్కున కూర్చున్నా ఎదుటి దిక్కు జంటలన్నిటికీ ఒకసారి ఎదురవుతుంది. వాళ్లు మీ మీద ఒక విచిత్రమైన స్లామ్ (పన్నెండో పదమూడో ట్రిక్కుల కాంట్రాక్ట్) కొట్టారంటే పక్క బల్ల మీద ఒక గేమ్ పోగొట్టుకునే ఉంటారు. అందరికీ ఒకటే ఎండ, ఒకటే వాన.

కొత్తవాళ్లు కూడా వినండి: గది మొత్తానికి సగటు ఎప్పుడూ 50 శాతమే వస్తుంది, లెక్కే అలా కట్టారు. ఒకరికి 62 వస్తే మిగతావాళ్లలో కొందరికి 50 కంటే తక్కువ రావాల్సిందే. మొదటి నెలల్లో మీది 38 అయితే అది మామూలే.

అపోహ: ఇది వయసు మళ్లినవాళ్ల ఆట

ప్రపంచ బ్రిడ్జ్ సమాఖ్య 16 ఏళ్ల లోపు పిల్లలకు కూడా విడిగా పోటీలు పెడుతుంది. 2018 ఆసియా క్రీడల్లో పురుషుల జంటల స్వర్ణం గెలిచిన ప్రణబ్ బర్ధన్‌కు అప్పటికి 60 ఏళ్లు. ఏ వయసువాళ్లు వచ్చినా ఆడతారు, కూర్చోబెట్టేవాళ్లుంటే.

అపోహ: నవ్వుతూ పలకరిస్తే స్వాగతం అయిపోయినట్టే

గుమ్మం దగ్గర అందరూ బాగానే పలకరిస్తారు. ఆ తర్వాత ఎవరి బల్ల దగ్గరికి వాళ్లు వెళ్లిపోతారు, కొత్త మనిషి గది మధ్యలో చీటీ పట్టుకుని నిలబడి ఉంటాడు. ఎక్కడ కూర్చోవాలి, రౌండ్ అయ్యాక కదలాలా, బోర్డులు ఎటు పంపాలి, స్కోరు ఎవరు రాస్తారు? అందుకే మా దగ్గర కొత్త జంటను మొదటి నెల నార్త్-సౌత్‌లోనే కూర్చోబెడతాం. లేచి బల్ల వెతుక్కునే పని ఉండదు, సర్దుకున్న కుర్చీలోనే ఉంటారు, స్కోరు రాసే పని మాత్రం వచ్చినవాళ్లను చేయమంటాం. మొదటి రౌండ్‌లో వాళ్ల బల్లకు వచ్చే జంట ఎవరో కూడా నేనే చూసుకుంటాను, అందరిలోకీ నిదానమైనవాళ్లను పంపుతాను. మంచి మొదటి పావుగంట దొరికితే మిగతా మూడు గంటలు లాక్కొస్తారు.

నా వరకు అసలు కొలమానం రెండోసారి రావడం. ఆట అయిన మర్నాడు కొత్తవాళ్లకు నేను ఫోన్ చేస్తాను. స్కోరు గురించి అడగను. "నిన్న మీకు బాగా నచ్చిన చెయ్యి ఏది?" అని అడుగుతాను. మొదట తడబడతారు, తర్వాత ఏదో ఒకటి చెప్తారు, ఇస్పేటు తొమ్మిదితో చివరి ట్రిక్ వచ్చిందనో, పార్టనర్ తురుపు కొడతాడని ముందే తెలిసిపోయిందనో. చెప్తున్నంతసేపూ గొంతు మారుతూ ఉంటుంది. ఆ కబురు పూర్తయ్యాక, వచ్చే వారం ఏ బల్ల, ఎవరు పార్టనర్ అన్నది చెప్పి పెట్టేస్తాను.