పాత గుహ పక్కన కొత్త తవ్వకం

పిల్లలకు,

చిలీలోని ఎల్ తెనియెంతె రాగి గనిలో 2025 జూలై 31న కొండ కదిలింది. భూకంప తీవ్రత 4.2. గనిని విస్తరించడానికి తవ్వుతున్న ఆండెసిటా అనే కొత్త భాగంలో ఆరుగురు చనిపోయారు. 1905 నుంచి నడుస్తున్న గని, అంత అనుభవం ఉండి కూడా ఇలా ఎందుకైందని మీలో ఒకరు అడిగారు. నాకు తెలిసినంత చెబుతాను.

అక్కడ ఖనిజాన్ని ముక్కముక్కగా పేల్చి తీయరు. ఖనిజం అడుగున ఒక పలుచని పొరను మాత్రమే పేల్చి ఖాళీ చేస్తారు. దాన్ని అండర్‌కట్ అంటారు. కింద ఆసరా పోయాక పైనున్న రాయి తన బరువుకు తానే విరిగి పడుతుంది. గాదె అడుగున కంత తీస్తే వడ్లు జారినట్టు, ఆ రాళ్లు కింద తవ్వి ఉంచిన నోళ్లలోకి, అంటే రాళ్లు తోడే ద్వారాల్లోకి దిగుతాయి. లోడర్లు ఎత్తుకుపోతాయి. ఈ పద్ధతి పేరు బ్లాక్ కేవింగ్. రాయి అలా విరిగిపడిన చోటునే నేను గుహ అంటున్నాను.

మరి ఆ గుహ ఉన్నచోట అంతకుముందు గట్టి రాయి మోసిన భారం ఏమైనట్టు? ఎటూ పోదు, చుట్టుపక్కల రాయి మీదికి మళ్లుతుంది. పైగా ఆండీస్ కొండల్లో రాయిని భూమి పక్కల నుంచి కూడా గట్టిగా నొక్కుతూ ఉంటుంది. అంటే పాత గుహ పక్కనున్న రాయి, మనం చెయ్యి వేయకముందే అలసిపోయి ఉంటుంది. కొత్త భాగం తవ్వాల్సింది సరిగ్గా అక్కడే.

అందుకే ఎటు నుంచి ఎటు తవ్వుతామన్నది పెద్ద ప్రశ్న. మన సింగరేణి బొగ్గు గనుల్లో పాత పనులకూ కొత్త పనులకూ మధ్య బ్యారియర్ అనే తవ్వని గట్టి గోడను వదులుతారు. ఎల్ తెనియెంతె లాంటి గనిలో దూరం నుంచి పాత గుహ వైపు తవ్వుకుంటూ వస్తే, మధ్యలో మిగిలిన రాయి రోజురోజుకీ సన్నబడుతుంది, మోసే భారం మాత్రం పెరుగుతుంది. చివరికి అది మెల్లగా కూలకుండా, ఒక్కసారిగా పేలవచ్చు. గోడల్లోంచి రాళ్లు తుపాకీ గుండ్లలా ఎగిరొస్తాయి. దీన్నే రాక్‌బర్స్ట్ అంటారు. కాబట్టి వీలైనచోట పాత గుహ అంచు దగ్గర మొదలుపెట్టి, దూరంగా జరుగుతూ తవ్వడం మేలు. అప్పుడు భారం ముందున్న గట్టి రాయిలోకి మళ్లుతుంది. రాయి అలా పేలకుండా ముందుగానే బోర్లు వేసి, నీళ్లను ఒత్తిడితో పంపి రాయిలో పగుళ్లు తెప్పించడమూ ఉంది. నా మటుకు నాకు ఇదే తెలివైన పని అనిపిస్తుంది.

పాత గుహలోని పనికిరాని రాయి, నీరు, బురద కొత్త నోళ్లలోకి చొరబడే బెడద వేరే ఉంది. అందుకే అన్ని నోళ్ల నుంచీ సమానంగా తోడాలి.

ఎక్కువ తోడేసి, పైకప్పు మాత్రం విరగకుండా నిలిస్తే మధ్యలో గాలి గది ఏర్పడుతుంది. ఆస్ట్రేలియాలోని నార్త్‌పార్క్స్ గనిలో 1999 నవంబర్ 24న అలాంటి పైకప్పు ఒక్కసారిగా కూలింది. తోసుకొచ్చిన గాలికే నలుగురు చనిపోయారు.

ఎల్ తెనియెంతెలో సొరంగాలన్నీ కలిపితే 4,500 కిలోమీటర్లు దాటుతాయి. మ్యాప్‌లో రాంకాగువా ఊరు వెతకండి, గని దానికి దగ్గర్లోనే ఉంది.

మీ తాతయ్య