డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లు కావాలని సతాయించరు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ఉండేవాళ్లలో ఎక్కువమందికి డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన, మాట తగ్గిపోతూ ఉండే జబ్బు ఉంది. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఇంతమందికి ఉన్నా దీని గురించి తప్పుడు మాటలే ఎక్కువగా వింటున్నాం. ఇంటివాళ్లూ అంటారు, కొత్తగా చేరిన ఆయాలూ అంటారు.

అపోహ: "మొండికేస్తున్నరు. కావాలనే సతాయిస్తున్నరు."

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. మాట పోయిన మనిషి ఒంటితో, చేతలతో చెప్పుకుంటాడు. ఆ చేతలు అర్థం కావాలంటే ఆ మనిషి ఎలా బతికాడో మనకు తెలిసి ఉండాలి.

సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చే అవ్వల్లో బీడీలు చుట్టి పిల్లల్ని పెంచినవాళ్లు ఎందరో. అలాంటి ఒక అవ్వ పొద్దంతా కొంగు అంచు నలిపి చుడుతూ ఉంటే "చీర ఖరాబు చేస్తున్నది" అని చేతులు పట్టుకుంటారు. చేతులు పట్టుకున్న కొద్దీ అరుస్తుంది. చాటలో చిన్న చిన్న గుడ్డ ముక్కలు, దారం పెట్టి ముందు ఉంచితే అవే చేతులు గంటసేపు నిమ్మళంగా పనిచేసుకుంటాయి. సింగరేణిలో మొదటి షిఫ్ట్‌కు పోయిన పెద్దాయన చీకటితోనే లేచి బూట్లు వెతుకుతాడు. ఆయన్ని మళ్లీ పడుకోబెట్టాలని కుస్తీ పట్టకుండా, ముఖం కడిగించి, చాయ్ ఇచ్చి, వరండాలో నాలుగడుగులు నడిపిస్తే సరిపోతుంది. హెడ్మాస్టర్‌గా రిటైరైన ఆయన "తాతా" అంటే పలకడు. "సార్" అంటే తల తిప్పి చూస్తాడు.

మనిషిని బట్టి సేవ అంటే ఇదే. ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ 1990లలోనే ఈ సంగతి గట్టిగా చెప్పాడు. మెదడులో వచ్చిన మార్పు ఒక్కటే మనిషిని దిగజార్చదని, చుట్టూ ఉన్నవాళ్లు చిన్నచూపు చూడటం, తొందరపెట్టడం, లేనట్టే వదిలేయడం కూడా దిగజారుస్తాయని ఆయన వాదన. ఈ పనిలో ఉన్న నాకు అది రోజూ కనిపిస్తుంది.

అపోహ: "అరుస్తుంటే డాక్టర్‌ను అడిగి మత్తుమందు రాయించండి."

వాస్తవం: ముందు నొప్పి ఉందేమో చూడాలి. మోకాళ్లు, పళ్లు, మంచం పుండ్లు, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, దాహం, కళ్లజోడు పోవడం, చెవి మిషన్ బ్యాటరీ అయిపోవడం ఒక్కొక్కటీ చూసుకుంటూ రావాలి. నార్వేలో 18 నర్సింగ్ హోమ్‌లలో చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. డిమెన్షియా ఉండి ఆందోళనగా ప్రవర్తిస్తున్నవాళ్లకు ఎనిమిది వారాలు పద్ధతి ప్రకారం నొప్పికి మందులిచ్చారు. ఎక్కువమందికి ఇచ్చింది పారాసిటమాలే. మామూలు సేవ అందినవాళ్లతో పోలిస్తే వాళ్లలో ఆందోళన బాగా తగ్గింది.

మానసిక జబ్బులకు వాడే యాంటీసైకోటిక్ మందులు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో చనిపోయే ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అవి అసలే వాడకూడదని కాదు. తనకో, పక్కవాళ్లకో ప్రమాదం ఉన్నప్పుడు డాక్టర్ కొద్దికాలానికి రాస్తారు. ఎప్పుడు తగ్గిస్తారో అడగండి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయొద్దు. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోతే జబ్బు ముదిరిందని కూర్చోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: "స్నానానికి రాకపోతే ఇద్దరు పట్టుకుని చేయించాల్సిందే."

వాస్తవం: మొగుడి ముందు కూడా ఒంటి మీద బట్ట తీయని కాలం మనిషి ఆ అవ్వ. ఎవరో తెలియనివాళ్లు వచ్చి చీర లాగుతుంటే కొట్టకుండా ఎలా ఉంటుంది? పైనుంచి షవర్ నీళ్లు మీద పడితే భయం, చల్లటి గచ్చు మీద కూర్చోవాలంటే ఇంకా భయం. అందుకే బాత్రూం ముందే వెచ్చగా ఉంచి, బకెట్, చెంబు, పీట పెట్టి, ఒంటి మీద తువ్వాలు కప్పే ఉంచి ఆ కిందే కడుగుతాం. చెంబు ఆమె చేతికే ఇస్తాం. పొద్దున స్నానం చేసేదా, పొలం నుంచి వచ్చాక సాయంత్రం చేసేదా అని కూతుళ్లను అడిగి అదే టైమ్ పెడతాం. అయినా వద్దంటే గోరువెచ్చని తడి తువ్వాళ్లతో మంచం మీదే తుడుస్తాం. అమెరికాలో 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలా తువ్వాలు స్నానం చేయించినప్పుడూ, మనిషి ఇష్టాన్ని బట్టి షవర్ పద్ధతి మార్చినప్పుడూ గొడవ చేయడం తగ్గింది. శుభ్రతకేమీ లోటు రాలేదు.

అపోహ: "తప్పు మాట్లాడితే సరిదిద్దాలి."

వాస్తవం: "మా బాపు ఇంక రాలేదా?" అని ఎనభై ఏళ్ల అవ్వ అడిగితే, "ఎప్పుడో పోయిండు కదా" అంటాం. ఆమెకు ఆ చావు కబురు అప్పుడే కొత్తగా చేరుతుంది. కాసేపటికి మన మాట మరిచిపోతుంది, ఏడుపు మాత్రం ఉండిపోతుంది. అమెరికాలోని ఐయోవాలో 2014లో వచ్చిన అధ్యయనం చెప్పిందీ ఇదే: అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) ఉన్నవాళ్లు చూసిన సినిమా ముక్కను మరిచిపోయినా అది కలిగించిన బాధ, సంతోషం తర్వాత కూడా కొనసాగాయి. అబద్ధమూ చెప్పక్కర్లేదు. "బాపు యాదికొచ్చిండా? అంగడి నుంచి ఏం తెచ్చేటోడు?" అని అడిగితే చాలు, చెప్పుకుంటూ పోతుంది.

అపోహ: "టీవీలో భక్తి పాటలు పెడితే అందరికీ కాలక్షేపం."

వాస్తవం: కొందరికే. గునుగు, తంగేడు పూలు ముందు పెడితే మాట లేని అవ్వ కూడా "ఉయ్యాలో" అని అందుకోవచ్చు. పక్క మంచం మీది పెద్దాయనకు ఉర్దూ పేపర్ కావాలి. ఇంకొకరికి చప్పుడు లేకుండా కిటికీ పక్కన కుర్చీ చాలు.

అపోహ: "ఇదంతా డబ్బున్న దేశాల్లో అయ్యే పని."

వాస్తవం: ఇంగ్లండ్‌లో 69 కేర్ హోమ్‌లలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో సిబ్బందికి మనిషిని బట్టి సేవ చేయడం నేర్పారు, వారానికి ఒక గంట తోడుగా గడిపే సమయం కలిపారు. అక్కడ ఉండే డిమెన్షియా ఉన్నవాళ్ల జీవన నాణ్యత మెరుగైంది, ఆందోళన తగ్గింది, ఖర్చు మామూలు సేవకంటే తక్కువే అయింది. అలాగని ఇరవై మందికి ఒక్క ఆయాను పెట్టి ప్రేమగా చూసుకోమంటే కుదరదు. హోమ్ నడిపేవాళ్లు సరిపడా మనుషుల్ని పెట్టాలి, ఏ అవ్వ దగ్గర ఏ ఆయా ఉంటుందో వారం వారం మార్చకూడదు. చేర్చే ముందు మీరు అడగాల్సింది గదిలో ఏసీ ఉందా అని కాదు, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారని.

అపోహ: "మమ్మల్ని గుర్తుపట్టదు, వచ్చి ఏం లాభం?"

వాస్తవం: రండి. "నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టకండి. "అమ్మా, నేను నీ చిన్నకొడుకును" అని మీరే చెప్పి పక్కన కూర్చోండి. సాయంత్రం చాలామందికి గాబరా ఎక్కువవుతుంది కాబట్టి పొద్దున పూట రావడం మేలు. మొదటిసారి వచ్చేటప్పుడు ఒక కాగితం మీద రాసి తీసుకురండి: ఏమని పిలిస్తే పలుకుతుంది, ఏం పని చేసేది, ఏం తినేది, దేనికి భయపడేది, ఎవరి పేరు చెబితే ముఖం వెలుగుతుంది. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి చాలాసేపు వీడ్కోలు చెప్పకండి. అన్నం టైమ్‌కు, ఆమె తినడం మొదలుపెట్టాక, ఆయాకు చెప్పి బయలుదేరండి.