మోటార్ పోలేదు, బెల్టు పోయింది: వాక్‌మన్ రిపేరులో అపోహలు, వాస్తవాలు

"అన్నా, వాక్‌మన్‌కి మోటార్ దొరుకుతుందా?" ఈ ఫోన్ రాని వారం లేదు. అప్పటికే అవతలి మనిషి ఆన్‌లైన్‌లో ఏదో మోటార్ ఆర్డర్ పెట్టేసి ఉంటాడు, లేదంటే ఉన్నదాన్ని పీకేసి తీగలు తెంపుకుని కూర్చుంటాడు. నేను అడిగేది ఒకటే. వెనక మూత తీసి ప్లే నొక్కు, మోటార్ పుల్లీ (దాని కొసనుండే చిన్న చక్రం) తిరుగుతోందా? కాసేపు చప్పుడుండదు. తర్వాత మెల్లగా "తిరుగుతోందన్నా" అంటాడు. తిరుగుతున్న మోటార్ పోవడమేంటి నాయనా!

జేబులో పట్టే క్యాసెట్ ప్లేయర్ ఏ కంపెనీదైనా మన దగ్గర వాక్‌మన్ అనే అంటాం. అది 1979లో సోనీ వాళ్లు పెట్టిన పేరు, జబ్బులు మాత్రం అన్నిటికీ ఇంచుమించు ఒకటే. మోటార్‌కీ ఫ్లైవీలుకీ (రీలుని నడిపే బరువైన చక్రం) మధ్య సేమ్యా అంత సన్నటి రబ్బరు బెల్టు ఉంటుంది. ఇరవై ముప్పై ఏళ్లకి అది సాగిపోతుంది, తెగిపోతుంది, కొన్నిట్లో కరిగి తారులా పుల్లీలకి అంటుకుపోతుంది. "వాడనే లేదండీ, బీరువాలో బట్టల మధ్య దాచాం" అంటారు పాపం. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. పైగా వాడకుండా ఉంచినదాంట్లో లోపలి గ్రీజు కూడా ఎండి గట్టిపడుతుంది.

కాబట్టి మోటార్ కొనేముందు ఇలా చూడండి. పుల్లీ తిరుగుతూ ఫ్లైవీలు తిరగకపోతే చాలావరకు బెల్టే. పుల్లీ కూడా తిరగకపోతే ముందు సెల్స్ పెట్టే చోట స్ప్రింగులు చూడండి, తెల్లగానో పచ్చగానో పొక్కు కడితే కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? తర్వాత ప్లే మీట కింద రెండు రేకుల చిన్న స్విచ్ ఉంటుంది, కాగితం ముక్కని ఐపీఏలో తడిపి ఆ రేకుల మధ్య లాగండి (ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో బోర్డులు కడిగే స్పిరిటే). పుల్లీని వేలి కొసతో రెండు చుట్లు తిప్పి బిగుసుకుపోయిందేమో చూడండి. ఇవన్నీ అయ్యాకే మోటార్ మీద అనుమానం.

బెల్టు తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, అది ఏ చక్రం లోపలి నుంచి వెళ్లి ఏ చక్రం బయటి నుంచి వస్తోందో పది నిమిషాల తర్వాత ఎవరికీ గుర్తుండదు, నాకూ ఉండదు. తారైపోయిన బెల్టయితే గ్లవ్స్ వేసుకుని, టూత్‌పిక్‌తో గీరి, ఐపీఏలో ముంచిన ఇయర్ బడ్స్‌తో మెరిసేదాకా తుడవాలి. పెట్రోలు, థిన్నర్ వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. కొత్త బెల్టు సైజు కోసం పాతదాన్ని కొలవకండి, అది ఎప్పుడో సాగిపోయింది. బెల్టు వెళ్లే దారి పొడవునా దారం చుట్టి, ఆ దారాన్ని కొలిచి, వందకి ఐదు నుంచి పది వంతులు తగ్గించుకోండి. మరీ బిగుతుదైతే మోటార్ లాగలేక సెల్స్ తినేస్తుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, రకరకాల సైజులు కలిపిన ప్యాకెట్లు ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి.

ఇంక రబ్బరు బ్యాండు. "కూరగాయల కవర్‌కి వేసింది వేశానన్నా, తిరుగుతోంది" అని సంతోషంగా చెప్తారు. తిరుగుతుంది, కాదనను. కానీ అది ఒకసారి లాగుతుంది, ఒకసారి జారుతుంది. పించ్ రోలర్ (రీలుని నొక్కి పట్టే చిన్న రబ్బరు చక్రం) రీలుని ముందుకి తోస్తూనే ఉంటుంది, అటుపక్క చుట్టుకోవాల్సిన చక్రం ఆగిపోతుంది, మిగిలిన రీలంతా రోలర్‌కి చుట్టుకుంటుంది. మూడేళ్ల కింద జగిత్యాల వైపు నుంచి ఒక పెద్దావిడ మనవణ్ని తీసుకుని వచ్చింది. "మా ఆయన దుబాయ్‌ల ఉన్నప్పుడు మాట్లాడి పంపిండు బిడ్డా" అని సంచిలోంచి క్యాసెట్ తీసింది. అప్పట్లో ఉత్తరాలు రాయలేనివాళ్లు అలా క్యాసెట్లు పంపేవారు. మనవడే రబ్బరు బ్యాండు వేశాడు, తాతగొంతు నాయనమ్మకి వినిపిద్దామనే. నలిగింది పది సెంటీమీటర్లు. రీలు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే రెండు సెకన్లు. అంతవరకు కోసి, రీలు అతకడానికే ఉండే స్ప్లైసింగ్ టేపుతో అతికాను (సెల్లోటేపు వాడకండి, గమ్ము కారి, రీలు మీది శబ్దాన్ని చదివే హెడ్డుకి అంటుతుంది). ప్లే చేస్తే ఆ అతుకు దగ్గర ఆవిడే నోటితో అందుకుంది: "పిల్లకు జ్వరం తగ్గిందా." క్యాసెట్ మొత్తం ఆవిడకి కంఠతా వచ్చు. ఆ పిల్లాడు తల ఎత్తలేదు. వాణ్ని తిట్టడానికి నాకూ నోరు రాలేదు.

పాట స్లోగా ఉందని స్పీడు స్క్రూ తిప్పడం కూడా ఇలాంటిదే. అది కొన్నిట్లో మోటార్ వెనక రంధ్రంలో, కొన్నిట్లో బోర్డు మీద ఉంటుంది. జారుతున్న బెల్టుకి స్పీడు పెంచితే, కొత్త బెల్టు వేసిన రోజు ఎంత పెద్ద గాయకుడైనా చిన్నపిల్లాడిలా పాడతాడు. ముందు బెల్టు, తర్వాత అదే పాటని ఫోన్‌లో పెట్టి నిడివి పోల్చుకోండి, రెండు మూడు క్యాసెట్లతో.

మిగతావి గబగబా చెప్పేస్తా. కుట్టుమిషను నూనె పోస్తే స్మూత్‌గా తిరగదు, నూనె బెల్టుకి అంటి ఇంకా జారుతుంది. ఒకాయన కొబ్బరినూనె పోశాడు, డిసెంబరులో గడ్డకట్టింది. హెడ్డు పక్కన స్ప్రింగు మీదున్న స్క్రూ వదులైందని బిగించకండి, అది అలాగే ఉండాలి, తిప్పితే గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. అడాప్టర్ 3 వోల్టులదైతే చాలనుకోవద్దు, పిన్నులో ప్లస్ లోపలో బయటో జాక్ పక్కన బొమ్మ వేసి ఉంటుంది, చూసి పెట్టండి. పాత టేపు రికార్డర్లలో రెడ్ మెర్క్యురీ అని ఏదో ఖరీదైన పదార్థం ఉంటుంది, లక్షలిస్తారు అని ఫోన్ చేసేవాళ్లకి మాత్రం నా దగ్గర ఓపిక లేదు. అలాంటిదేం లేదు, ఫోన్ పెట్టేయండి.

రిపేరయ్యాక మొదట పెట్టాల్సింది పోయినా బాధలేని క్యాసెట్. రెండు వైపులా పూర్తిగా నడిచాక, అప్పుడు నాన్నగారి గొంతు, అమ్మమ్మ పాట. అదీ మొదటిసారి ప్లే చేస్తున్నప్పుడే కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి.

మొన్న మోటార్ ఆర్డర్ పెట్టినతను బెల్టు వేసుకున్నాడట, చక్కగా పాడుతోందట. మోటార్ వాపసు తీసుకోరంట. ఎవరికైనా కావాలా అని నన్నే అడుగుతున్నాడు.